పాస్‌పోర్టుకు చొక్కా

మా ఇంట్లో ఉన్న పాస్‌పోర్టులన్నిటికీ చొక్కాలు కుట్టినదాన్ని నేను. చొక్కా అన్న మాట నాది కాదు, మా తమ్ముడిది. కవరు అంటే కాగితంతో చేసేదనీ, తొడుగు అంటే దిండుకు వేసేదనీ, గుండీ ఉన్నది కనుక ఇది చొక్కాయే అవుతుందనీ అతను ఒకనాడు భోజనాల దగ్గర తేల్చి చెప్పాడు. అప్పటినుంచి ఆ పేరే నిలిచిపోయింది. పైన మందపాటి నూలు గుడ్డ, లోపల మెత్తని గుడ్డ, మధ్యలో బిగువు కోసం ఒక పొర బక్రం, అంచున ఒక గుండీ, దానికొక కాజా. ముప్పై ఏళ్ళు బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన చేతికి అది పెద్ద పని కాదు. అయితే దానికి నేను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. ఖాళీ చొక్కా ఎవరికీ ఇవ్వను. పాస్‌పోర్టు తెచ్చి నాకు అప్పగించాలి. దాన్ని పక్కన పెట్టుకుని కత్తిరించి, దానికే తొడిగి చూసి, గుండీ పెట్టి, పుస్తకంతో సహా దాని మనిషి చేతిలో పెడతాను.

నేను చదివిన కాన్వెంటులో కుట్టు నేర్పిన మదరు మా పనిని ఏనాడూ ముందువైపు చూడలేదు. చేతికి ఇవ్వగానే తిరగేసేది. వెనక ముడులు కనిపిస్తే మాట్లాడకుండా కత్తెర తీసుకునేది. న్యాయం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ కత్తెర ముందు నిలబడే. పెద్దయ్యాక లోకం చేసిన పనులను తిరగేసి చూడటం నాకు అలవాటైంది. వెలగని వీధిదీపం గురించి, మూత లేని మురుగు కాలువ గురించి, టీచర్ల పింఛను కాగితాలను తొక్కిపెట్టిన గుమాస్తా గురించి నేను రాసిన అర్జీల నకళ్ళు ఒక లావుపాటి ఫైలులో ఉన్నాయి. మా తమ్ముడు నన్ను ‘జడ్జిగారు’ అంటాడు. అది వెక్కిరింతేనని తెలిసినా లోలోపల నాకు నచ్చేది.

ఆ వేసవికి మా మరదలు, అంటే ఆ తమ్ముడి భార్య, మంచం పట్టి రెండేళ్ళు నిండాయి. పక్షవాతం ఆమె కుడి వైపునంతా తీసుకుపోయింది, మాటను కూడా తీసుకుపోయింది. రెండే మాటలు మిగిలాయి. ఒకటి ‘వద్దు’. రెండోది ‘నీ మొహం’. నలభై ఏళ్ళపాటు మొగుణ్ణి అనీ అనీ ఆ మాట ఎంత లోతుగా పాతుకుందో, రోగం కూడా దాన్ని పెకలించలేకపోయిందని డాక్టరే నవ్వాడు.

ఆమెను చూసుకోవడానికి సముద్రం దాటి వచ్చిన, మా భాషే మాట్లాడే మనిషిని మేమందరం ఆయా అనేవాళ్ళం. ముప్పై అయిదేళ్ళుంటాయి. తక్కువగా మాట్లాడేది, మాట్లాడితే సూటిగా మాట్లాడేది. రెండు గంటలకోసారి మా మరదలిని ఒక పక్కనుంచి మరో పక్కకు తిప్పడం, ముడుచుకుపోయిన కుడి అరచేతిలో చుట్టిన తువ్వాలు పెట్టడం, చెంచాతో తినిపించడం, మూతి తుడవడం, అన్నీ ఆమే చేసేది. చదువంటే ఇష్టం ఉన్న మనిషి. చలికాలంలో ఒకనాడు ఒక కాగితం పట్టుకొచ్చి, “పెద్దమ్మగారూ, అర్జీ అంటే ఇలాగేనా రాసేది?” అని అడిగింది. తేదీ పైన కుడివైపు వెయ్యాలనీ, ఎడమవైపు అంగుళం మార్జిన్ వదలాలనీ, ఎవరికి రాస్తున్నామో ముందు, ఎవరు రాశారో చివర ఉండాలనీ చెప్పి, రెండుసార్లు తిరగరాయించాను. మూడోసారి తెచ్చినప్పుడు “బాగుంది” అన్నాను. నేర్చుకోవాలన్న తపన ఉన్న మనిషి అని ఆ సాయంత్రం తమ్ముడి దగ్గర మెచ్చుకున్నాను. అతను పేపరులోంచి తల ఎత్తలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో మా అన్నయ్య కూతురు, మా మేనకోడలు, కొత్త పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చింది. దాని చొక్కాకు గుండీ కుట్టి దారం తెంపుతూ ఉండగా, ఆయా ఆరిన దుప్పట్లు చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. చొక్కాను చేతిలోకి తీసుకుంది. ముందువైపు చూడలేదు. లోపలి అరను వేలితో తిరగేసి చూసింది.

“వెనక కూడా ముందులాగే ఉందే పెద్దమ్మగారూ. ఏది ఎటో తెలీట్లేదు.”

మదరు చనిపోయాక అలా తిరగేసి చూసిన మనిషిని నేను చూడలేదు. ఆ మెప్పుకు కరిగిపోయాననే ఒప్పుకోవాలి.

“నాకూ ఒకటి కుట్టిపెడతారా?”

“దానికేం. నీ పాస్‌పోర్టు తెచ్చి ఇయ్యి, రేపే మొదలుపెడతాను.”

“నా దగ్గర లేదుగా.”

“మరెక్కడుంది?”

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. “అయ్యగారి బీరువాలో. నేను వచ్చిన రోజు నుంచీ అక్కడే ఉంది” అంది. దుప్పట్లు తీగ మీద ఉన్నాయని చెప్పినట్లే చెప్పింది.

నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు. ఆమె వచ్చిన రోజు విమానాశ్రయానికి నేనూ వెళ్ళాను. ఏజెంటు ఆమె పాస్‌పోర్టును ఆమె చేతికి కాక మా తమ్ముడి చేతికి ఇవ్వడం చూశాను. ఇంటికి రాగానే అతను దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యడం కూడా చూశాను. వానలో తెచ్చిన గొడుగును మూల నిలబెట్టడం ఎలా చూస్తామో అలాగే చూశాను.

“చొక్కా మీద ఇప్పుడెందుకు మనసు పుట్టింది?” అన్నాను.

“ఊరెళ్ళాలండి, బడి తెరిచేలోపు.” దుప్పట్లు కుర్చీ మీద పెట్టి ఒక్కొక్కటే మడత పెడుతూ చెప్పింది. ఆమె కూతురికి పన్నెండేళ్ళు. అన్నావదినల దగ్గర పెరుగుతోంది. సెలవులు అయిపోగానే బడి మాన్పించి, ఎవరింట్లోనో పనికి కుదురుస్తానని వదిన మాట ఇచ్చేసింది. “ఫోనులో ఎంత మొత్తుకున్నా సరే సరే అని పెట్టేస్తుందండి. ఎదురుగా నిలబడితే తప్ప లొంగే మనిషి కాదు. పిల్లని చెయ్యి పట్టుకుని నేనే బళ్ళో కూర్చోబెట్టాలి. ఇంకా అయిదు వారాలుంది.”

“అయ్యగారిని అడిగావా?”

“అడిగానండి. ఎండలు తగ్గాక చూద్దామన్నారు. ఎండలు తగ్గేసరికి బడి తెరిచేస్తారు కదా.”

చొక్కా ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. నా నియమం ఆమెకు తెలుసు. నోరు తెరిచి అడగలేనిదాన్ని ఆ నియమం చేత అడిగించాలనుకుంది.

మరునాడు ఉదయం టీ దగ్గర తమ్ముడిని అడిగాను. అతను రైల్వేలో బళ్ళ వేళలు తయారుచేసే విభాగంలో పనిచేసి రిటైరైనవాడు. భార్యను ఏ గంటకు ఏ పక్కకు తిప్పాలో, ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో గళ్ళు గీసి గోడకు అంటించాడు. ఆ పట్టికలో ప్రతి రెండు గంటలకూ ఆయా గడి ఉంది. అతనిది ఒకే గడి, సాయంత్రం పేపరు చదివి వినిపించడం. నాకు గడి లేదు.

“ఏరా, ఆయా పాస్‌పోర్టు ఒకసారి ఇయ్యి. చొక్కా కుట్టాలి.”

“నాది కొలుచుకో. అన్నీ ఒకటే సైజు.”

“నేను ఖాళీ చొక్కా ఇవ్వనని నీకు తెలుసు.”

“ఈ ఒక్కసారికి ఇచ్చెయ్యి అక్కయ్యా. నీ రూలు ఒకరోజు సెలవు పెడితే కొంపేం మునగదు.”

“ఆ పుస్తకంలో ఎవరి ఫోటో ఉంది?”

“మొదలుపెట్టారు జడ్జిగారు.” పేపరు మడిచి పక్కన పెట్టాడు. “భద్రం కోసం ఉంచాను. ఆయా ఎక్కడో పారేసుకుంటే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఎవరు?”

“భద్రం కోసమే అయితే నాది కూడా నీ బీరువాలోనే ఉండాలి. నా సొరుగులో ఎందుకుంది?”

అతను మా మరదలి గది తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. “వెళితే మళ్ళీ రాదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల దగ్గరికి వెళ్ళిన తల్లి తిరిగొస్తుందా? అప్పుడు దీన్ని ఎవరు చూస్తారు? రెండు గంటలకోసారి ఎవరు తిప్పుతారు? నువ్వా?”

నేను నా చేతులు చూసుకున్నాను. డెబ్భై మూడేళ్ళ చేతులు. వేళ్ళ కణుపులు ఉబ్బి, ఉంగరాలు ఏనాడో తీసి డబ్బాలో వేసుకున్న చేతులు. గంటసేపు సూది పట్టుకుంటే రెండు గంటలు వేడినీళ్ళలో ముంచుకోవలసిన చేతులు. కప్పు కడిగి బోర్లించి నా గదికి వెళ్ళిపోయాను.

తొమ్మిది రోజులు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజుల్లోనే మురుగు కాలువ మూత గురించి మున్సిపాలిటీకి మూడో అర్జీ రాశాను. తేదీ కుడివైపు, మార్జిన్ ఎడమవైపు.

అయినా కుట్టడం మాత్రం మొదలుపెట్టాను. గుడ్డముక్కల పెట్టెను మా మరదలి మంచం పక్కకు తెచ్చి, ఏది కావాలో తీసుకోమని ఆయాతో అన్నాను. ఆమె గోధుమరంగుది తీసింది.

“ఇది చాలండి. మాసినా కనపడదు.”

“వద్దు” అంది మంచం మీదినుంచి మా మరదలు.

ఆయా నీలంది ఎత్తి చూపింది. “వద్దు.” బూడిదరంగుది చూపింది. “వద్దు.” చివరికి అడుగునుంచి పసుప్పచ్చ మీద తెల్లచుక్కల ముక్క బయటికి వచ్చింది. ఎప్పుడో మా మేనకోడలి గౌనుకు తెచ్చి మిగిల్చింది. మా మరదలు ఏమీ అనలేదు. ఎడమచేతి వేలు ఒకటి దుప్పటి మీద కదిలింది.

“ఇంత పచ్చటిదా అమ్మగారూ? నన్ను ఈ వయసులో పెళ్ళికూతుర్ని చేస్తారా ఏమిటి?”

“నీ మొహం” అంది మా మరదలు. మూతి ఎడమకొస ఒక్కటే నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయా మందుల దుకాణానికి వెళ్ళి ఆలస్యం చేసింది. మూడయింది. తిప్పే వేళ. తమ్ముడు తన గదిలో కునుకు తీస్తున్నాడు. నేను చేతులు తుడుచుకుని మా మరదలి భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తబోయాను. సగం లేచింది. అక్కడితో నా మణికట్టు వదిలేసింది. తిప్పలేను, దించలేను. ఆమె బరువు నా చేతుల మీద, నా బరువు మంచం అంచు మీద. ఇద్దరం అలాగే ఎంతసేపు ఉన్నామో తెలియదు. నా చెవి పక్కన ఆమె ఊపిరి గరగరలాడుతూ ఉంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

“నీ మొహం” అంది నాతో, చాలా ప్రేమగా.

ఆయా వచ్చి, చేతిలో సంచీ కింద పెట్టకుండానే మోకాలు అడ్డం పెట్టి మా ఇద్దరినీ ఒడ్డున పడేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

“చేతులతో కాదండి పెద్దమ్మగారూ. చేతులతో తిప్పితే వారంలో మీరూ ఈ పక్కనే పడుకుంటారు.”

“మరి దేనితో?”

“చూపిస్తాను, లేవండి.”

మనిషి కింద అడ్డంగా పరిచిన దుప్పటి అంచును పిడికిళ్ళలో చుట్టుకోవాలట. పడుకున్న మనిషి మోకాలిని ముందుగా మడవాలట. ఆపైన లాగకూడదు; కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి మన ఒళ్ళు మనం వెనక్కి వాల్చుకోవాలి. బరువు దానంతటదే వస్తుంది. వచ్చింది. నా డెబ్భై మూడేళ్ళ ఒంటికి ఆ మనిషి పక్కకు ఒత్తిగిల్లడం ఒక వింతలా తోచింది.

“అప్పుడే దిండు పెట్టకండి. ముందు వీపు చూడాలి.” గౌను పైకి జరిపి చూపించింది. “ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలైనట్టు. మనిషి ముందునుంచి ఎంత బాగున్నా నమ్మకూడదండి, వీపు చూశాకే నమ్మాలి.”

రెండేళ్ళుగా ఆ గదిలోకి రోజుకు పదిసార్లు వెళ్ళివచ్చిన నేను మా మరదలి వీపు చూడటం అదే మొదటిసారి.

ఆ తరువాత ప్రతిరోజూ మూడింటికి ఆమె నన్ను పిలిచేది. “మీరు పట్టుకోండి, నేను చూస్తుంటాను” అనేది. తప్పు పడితే మళ్ళీ చేయించేది. ఎందుకు నేర్పుతోందో ఆమె చెప్పలేదు. ఎందుకు నేర్చుకుంటున్నానో నేనూ చెప్పలేదు. పని అయ్యాక వేడినీళ్ళ గిన్నె తెచ్చి నా ముందు పెట్టేది. అందులో చేతులు ముంచి, ఇంత అలసట ఈమె రోజుకు ఎన్నిసార్లు పడుతోందా అని గోడమీది పట్టికలో గళ్ళు లెక్కపెట్టేదాన్ని.

తొమ్మిదో రోజున చొక్కా పూర్తయింది. నా పాస్‌పోర్టుకే కొలిచి కుట్టాను. అంచులు రెండుసార్లు మడిచి సన్నకుట్టు వేశాను, తెల్లగుండీ పెట్టాను, తిరగేసి చూశాను. మదరు కత్తెరకు అందులో పని లేదు.

పదో రోజు ఉదయం దాన్ని మా తమ్ముడి పళ్ళెం పక్కన పెట్టాను.

“ఏమిటిది?”

“ఖాళీగా ఉంది” అన్నాను.

అతను దాన్ని ఉప్పు సీసా వైపు జరిపి భోంచేశాడు. రాత్రి భోజనానికి మళ్ళీ అతని పళ్ళెం పక్కనే పెట్టాను. మరునాడు కిటికీలో పెట్టాడు. తీసుకొచ్చి మళ్ళీ అక్కడే పెట్టాను. మూడోరోజు దాని మీద పేపరు పరిచాడు. నాలుగోరోజు నేనూ పేపరు మీద పెట్టాను. ఆయా వడ్డిస్తూ ఆ పచ్చటి గుడ్డను చూసీ చూడనట్లు పళ్ళేలు సర్దేది. ఆరోరోజు మధ్యాహ్నం అతను చెంచా కింద పెట్టేశాడు.

“అక్కయ్యా, దీన్ని ఇక్కణ్ణించి తీసెయ్యి. నాకు తిండి సహించట్లేదు.”

“నాకూ అంతే. లే, మూడవుతోంది.”

“మూడయితే?”

“గదిలోకి రా. చెబుతాను.”

వచ్చాడు. ఆయాను గోడ దగ్గర నిలబడమన్నాను. దుప్పటి ఒక అంచు అతని పిడికిలికి చుట్టి, రెండో అంచు నేను పట్టుకుని, మోకాలు ఎలా మడవాలో, ఒళ్ళు ఎలా వాల్చాలో చెప్పాను. “నేనా?” అన్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం. మా మరదలు గోడవైపు ఒత్తిగిల్లింది. నేను గౌను పైకి జరిపాను.

“వీపు చూడరా.”

రోజూ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, సాయంత్రం ఆరింటికి ఆ మంచం ఎదుట కూర్చుని పేపరు చదివే మనిషి మా తమ్ముడు. వెన్నుపూసలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేలా ఉన్న ఆ వీపును అతను రెండేళ్ళలో చూడలేదు. ఎక్కడా పుండు లేదు, మచ్చ లేదు. ఎండిపోయి, పౌడరు రాసి, శుభ్రంగా ఉంది. అతను చెయ్యి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

“నీ కోసమే కదే దాచాను” అన్నాడు ఆ వీపుతో.

“వద్దు” అంది మా మరదలు, గోడవైపు చూస్తూనే.

ఫ్యాను తిరుగుతోంది. ఆయా ముందుకు వచ్చి గౌను కిందికి సర్ది, వీపు వెనక దిండు పెట్టింది. తమ్ముడు గదిలోంచి వెళ్ళాడు. కాసేపటికి బీరువా తలుపు కిర్రుమనడం వినిపించింది.

పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను బల్ల దగ్గర కూర్చుని చొక్కా తొడగబోతే, అట్ట ఒకవైపు పట్టలేదు. లోపల ఏదో మందంగా ఉంది. తెరిచి చూస్తే నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పాను. చదవకముందే గుర్తుపట్టాను, మార్జిన్ చూసి. ఎడమవైపు అంగుళం. పైన కుడివైపు తేదీ. చలికాలం నాటి తేదీ.

‘అయ్యగారికి, పెద్దమ్మగారికి నమస్కారం. సెలవుల తరువాత మా అమ్మాయిని బడి మాన్పించి పనికి పెడతామని మా వదిన చెబుతోంది. నేను వెళ్ళి ఆపాలి. దయచేసి నా పాస్‌పోర్టు నాకు ఇచ్చి, రెండు నెలలు సెలవు ఇప్పించండి. పెద్దమ్మగారు న్యాయం చెబుతారని నమ్ముతున్నాను. ఇట్లు, ఆయా.’

మొదటిసారి తెచ్చినప్పుడు తేదీ లేదని వెనక్కి పంపాను. రెండోసారి అక్షరాలు మార్జిన్‌లోకి చొచ్చుకు వచ్చాయని పంపాను. మూడోసారి బాగుంది అన్నాను. మూడుసార్లు నా చేతికి వచ్చిన కాగితాన్ని, నా పేరుమీదే వచ్చిన అర్జీని, నేను ఒక్కసారి కూడా చదవలేదు.

“ఇది నీకెప్పుడిచ్చింది?” అన్నాను తమ్ముడితో.

“అప్పుడే, చలికాలంలో. నువ్వు చూసి బాగుందన్నావని చెప్పి మరీ ఇచ్చింది. ఆ సాయంత్రం నువ్వూ మెచ్చుకున్నావుగా.” అతను కుర్చీలో కూలబడ్డాడు. “నీకు అన్నీ తెలిసే ఊరుకున్నావనుకున్నాను. జడ్జిగారే ఊరుకున్నారు కదా అని నేనూ ఊరుకున్నాను.”

అతను నన్ను జడ్జిగారు అని పిలవడం అదే ఆఖరు.

ఆయాను పిలిచాను. నిలబడే మాట్లాడాలనిపించి లేచాను. అర్జీ ఆమెకు చూపించి, “నేను దీన్ని చదవలేదు” అన్నాను. అంతకంటే చిన్నమాట లేదు, పెద్దమాట నాకు చేతకాలేదు.

“తెలుసండి.”

“ఎప్పుడు తెలిసింది?”

“ముందు చదివారనే అనుకున్నాను. చదివి, కుదరదని ఊరుకున్నారనుకున్నాను. చొక్కా అడిగిన రోజు, పాస్‌పోర్టు ఎక్కడుందని నన్నే అడిగారు కదా. అప్పుడు తెలిసింది.”

“మరి ఆ రోజే ఎందుకు అనలేదు?”

“అంటే మీరు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకుంటే పని జరగదు కదండీ” అంది. ఆ మాటలో కోపం లేదు. కోపానికి కావలసిన ఓపిక కూడా ఆమెకు మిగల్లేదని అప్పుడు గమనించాను.

కాగితం తీసేశాక పాస్‌పోర్టు చొక్కాలో ఒదిగింది. గుండీ పెట్టి ఆమె చేతిలో ఉంచాను. ఆమె గుండీ విప్పి, పుస్తకం బయటికి తీసి, అరను తిరగేసి కుట్టు చూసింది. తరువాత తన ఫోటో ఉన్న పేజీ తెరిచింది.

“జుట్టు ఎంత నల్లగా ఉండేదో” అంది.

అర్జీని నేను ఉంచుకున్నాను. నా నకళ్ళ ఫైలులో అన్నిటికన్నా పైన అది ఉంది. ఫైలు తెరిచిన ప్రతిసారీ ముందు దాన్ని తీసి పక్కన పెట్టవలసి వస్తుంది. అందుకే అక్కడ పెట్టాను.

టికెట్టు మా తమ్ముడే తీసుకొచ్చాడు. బడి తెరవడానికి అప్పటికి పన్నెండు రోజులుంది. ఆమె వెళ్ళే ఉదయం మా మరదలికి తల దువ్వి, అరచేతిలో కొత్త తువ్వాలు చుట్టి పెట్టి, చెంప మీద చెయ్యి వేసి, “వెళ్ళొస్తానమ్మగారూ” అంది.

మా మరదలు చాలాసేపు ఆమె వంక చూసింది. ‘వద్దు’ అంటుందేమోనని నేను భయపడ్డాను. అనలేదు.

“నీ మొహం” అంది.

“అలాగేనండి” అంది ఆయా, కళ్ళు తుడుచుకుంటూ. గుమ్మం దగ్గర ఆగి మా తమ్ముడితో, “అయ్యగారూ, గోళ్ళు తీసుకున్నాక తిప్పండి. అమ్మగారి చర్మం మరీ పలచన” అని చెప్పింది. అతను చిన్నపిల్లాడిలా తన వేళ్ళు చూసుకున్నాడు. పెట్టె అతనే మోశాడు. విమానాశ్రయంలో పాస్‌పోర్టు అడిగిన ప్రతిచోటా ఆమె ఆ పచ్చటి చొక్కాను తన చేతులతో తానే తీసి చూపించిందని తిరిగి వచ్చాక చెప్పాడు.

మరునాడు గోడకు కొత్త పట్టిక అంటించాడు. అందులో నా గళ్ళు ఉన్నాయి, అతని గళ్ళు ఉన్నాయి. ఆయా వరస అలాగే గీసి, ఖాళీగా వదిలాడు.

మిగిలిన వేసవి ఎలా గడిచిందంటే, గడిచింది. నా నడుముకు పట్టీ వచ్చింది. అతని ఎడమ భుజం పట్టేసింది. ఒకరోజు ఇద్దరం తలోవైపూ లాగి మా మరదలిని మంచం మధ్యలో ఇరికించాం. ఆమె నవ్వు ఆగడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఇంకోరోజు వీపు మీద ఎర్రమచ్చ కనిపిస్తే, నొక్కి చూసి, అది తెల్లబడేదాకా ఇద్దరం ఊపిరి బిగపట్టాం. సాయంత్రాలు అతను పేపరు మధ్యలో ఆపి, “వస్తుందంటావా?” అనేవాడు. “రాకపోతే ఆ తప్పు ఆమెది కాదు” అనేదాన్ని. మళ్ళీ చదివేవాడు.

ఎండలు తగ్గి మొదటి చల్లగాలి వీచిన వారంలో ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు గుండ్రటి పిల్ల అక్షరాల్లో ఉంది. కళ్ళజోడు తుడుచుకుని విప్పాను. పైన తేదీ లేదు. మార్జిన్ అసలే లేదు. అక్షరాలు కాగితం ఈ అంచునుంచి ఆ అంచుదాకా తోసుకుంటూ వెళ్ళి, చోటు చాలక చివర పక్కకు తిరిగి పైకి ఎక్కాయి.

చదివాను. బడి తెరిచారు. అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. అత్తమ్మ మూడురోజులు మాట్లాడలేదు, నాలుగోరోజు మాట్లాడింది. అమ్మ పచ్చసంచీలో నుంచి తన పుస్తకం తీసి ఊళ్ళో అందరికీ చూపిస్తోంది, నన్ను మాత్రం ముట్టుకోనివ్వడం లేదు. మీకు చేతులు నొప్పిగా ఉన్నాయా? వేడినీళ్ళలో ఉప్పు వెయ్యమంది. అమ్మగారి వీపు ఎర్రబడలేదు కదా అని అడగమంది.

తిరిగి వస్తానని గాని, రానని గాని ఆమె రాయించలేదు. మొదటినుంచి చివరిదాకా మరోసారి చదివి, ఆ పక్కకు ఎక్కిన అక్షరాల కోసం కాగితాన్ని తిప్పి కూడా చదివి, తమ్ముడికి ఇచ్చాను.

మూడయింది. మా మరదలి గదిలోకి వెళ్ళి దుప్పటి అంచు పట్టుకున్నాను. రెండో అంచు పట్టుకోవడానికి అతను వచ్చాడు, ఉత్తరం జేబులో పెట్టుకుని.